తాగని సూర్యారావు గారి ఎర్రముఖం

2022 వేసవి. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, క్యాన్సర్ విభాగం డే కేర్ వార్డులో నేను సీనియర్ నర్సుని. డే కేర్ అంటే రోగి పొద్దున్నే వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోయే చోటు. మాది కొవ్వూరు. రోజూ వంతెన దాటి డ్యూటీకి వస్తాను. ఈ పనిలో చేరి అప్పటికే చాలా ఏళ్ళయింది కాబట్టి, క్యాన్సర్ అనే మాట చెవిన పడ్డప్పుడు మనుషులు ఏం చేస్తారో నాకు బాగానే తెలుసనుకునేదాన్ని. కొందరు ఏడుస్తారు. కొందరు ఆ రిపోర్టు తమది కాదేమో మళ్ళీ చూడమంటారు. ఒకాయన జేబులోంచి జాతకచక్రం తీసి డాక్టరు గారి బల్ల మీద పరిచాడు. ఒకావిడ అంతా విని, "సరేనండి, అమలాపురం బస్సు మళ్ళీ ఎన్నింటికి?" అని అడిగింది.

ఆ మాట విని లేచి నిలబడి, డాక్టరు గారి చెయ్యి పట్టుకుని ఊపి, "చాలా సంతోషమండి" అన్న మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆయన్ని ఇక్కడ సూర్యారావు గారు అంటాను. అది ఆయన అసలు పేరు కాదు. అడిగితే అసలు పేరే రాయమనేవారు, ఫోటో కూడా వెయ్యమనేవారు. అందుకే అడగలేదు.

సూర్యారావు గారిది రావులపాలెం దగ్గర ఒక ఊరు. అరవై దాటిన మనిషి. సొంత తోటల్లో అరటి పండించడంతో పాటు చుట్టుపక్కల రైతుల గెలలు కొని లారీలకెత్తించే వ్యాపారం. తెల్లచొక్కా, తెల్లపంచె, పసిమి ఛాయ. జన్మలో మందు చుక్క ముట్టలేదు. అంతటితో ఆగి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఆయన ఇంకొకళ్ళని కూడా ముట్టనిచ్చేవారు కాదు. ఊళ్ళో ఒక బెల్టు షాపు ఉండేదట. కిళ్ళీకొట్టు చాటున, లైసెన్సు లేకుండా సీసాలు అమ్మే చోటుని అలా అంటారు. ఈయన రోజూ సాయంత్రం దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాణ్ణల్లా పేరు పెట్టి పిలిచి, "ఏరా అబ్బాయ్, మీ నాన్న కులాసాగా ఉన్నాడా?" అని పలకరించేవారు. అంతే, ఇంకేమీ అనేవారు కాదు. కొన్ని వారాలకి కొట్టు మూతపడింది.

అలాంటి మనిషి ముఖం ఎర్రబడడం మొదలైంది. అన్నం తిన్న కాసేపటికి మెడ దగ్గర మొదలై చెంపల మీదుగా నుదుటిదాకా ఎరుపు పాకేది. కళ్ళు కూడా ఎర్రబడేవి. కొంతసేపుండి దానంతటదే పోయేది. దాంతోపాటు విరేచనాలు. మొదట ఇంట్లో, తరవాత మార్కెట్లో, ఆ తరవాత పెళ్ళి భోజనాల బంతిలో అందరి ఎదుటా ఇదే జరిగింది. ఊరికి అంత సంబరం చాలాకాలంగా దొరకలేదు. బెల్టు షాపు మూతపడ్డ దెబ్బకి సాయంత్రాలు కోల్పోయినవాళ్ళందరూ ఆయన్ని ఆపి మరీ, "ఏంటండీ బాబు, ముఖం కళకళ్ళాడిపోతోంది" అని పరామర్శించేవారు.

ఆయన బావమరిది చిట్టిబాబు ఈ విషయంలో ముందున్నాడు. అతను తాగుతాడు, ఆ సంగతి దాచుకోడు. "నేను పబ్లిగ్గా తాగుతాను బావగారూ. మీలాగా దొంగచాటు బతుకు నాకు చేతకాదు" అని అందరిలో అనేశాడట.

భార్య మంగతాయారు గారు మొదట్లో నమ్మలేదు. తరవాత రోజూ భోజనం కాగానే, "ఏవండీ, ఓసారి నోరు తెరవండి" అని వాసన చూడడం మొదలుపెట్టారు. వాసన వచ్చేది కాదు. వాసన రాని రకాలు కూడా వస్తున్నాయని చిట్టిబాబు చెప్పడంతో, వాసన రాకపోవడమే సాక్ష్యమైపోయింది. చివరికి ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్న రోజున, పురోహితుడు వచ్చి అంతా సిద్ధం చేశాక, పీటల మీద ఆయన పక్కన కూర్చోనని ఆవిడ తెగేసి చెప్పారు. పిలుపుకి వచ్చినవాళ్ళంతా పసుపుకుంకాలు తీసుకోకుండానే, ఈ వార్త తీసుకుని వెళ్ళిపోయారు.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. ఆయన మా ఆసుపత్రికి వచ్చింది విరేచనాల కోసం. కడుపు డాక్టరు గారు స్కాన్ తీయిస్తే చిన్నపేగులో గడ్డ, కాలేయంలో మచ్చలు కనిపించాయి. మా విభాగానికి పంపించారు. మా డాక్టరు గారు నెమ్మదస్తులు. వివరాలు రాసుకుంటూ ఉండగానే ఎదురుగా సూర్యారావు గారి మెడ దగ్గర ఎరుపు మొదలైంది. డాక్టరు గారు పెన్ను కింద పెట్టి చూశారు.

"ఇలా ఎప్పట్నుంచి వస్తోందండి?"

"నేను తాగనండి."

"అది అడగలేదండి."

"మీరు అడక్కపోయినా చెబుతున్నానండి."

డాక్టరు గారు నవ్వలేదు. కాసేపు ఆ ముఖాన్నే చూసి, ఒక ప్రత్యేకమైన మూత్రపరీక్ష రాసి, ఎలా చెయ్యాలో వివరించమని నా దగ్గరికి పంపారు. ఒక రోజంతా పోసిన మూత్రం పట్టి, అందులో ఒక రసాయనం ఎంత ఉందో కొలిచే పరీక్ష అది. దానికి పథ్యం ఉంది.

"మూడు రోజులు అరటిపండు తినకూడదు బాబాయ్ గారూ. అనాస, టమాటా కూడా వద్దు" అన్నాను.

ఆయన నా వంక అనుమానంగా చూశారు. "అమ్మా, నేనేం వ్యాపారం చేస్తానో కనుక్కుని చెబుతున్నారా, అందరికీ ఇదే చెబుతారా?"

"అందరికీ ఇదేనండి. అరటిపండు తింటే పరీక్షలో లెక్క తప్పుగా ఎక్కువ చూపిస్తుంది."

"పొద్దున లేస్తే దాని మధ్యలోనే కదమ్మా నేను ఉండేది. చూస్తే పరవాలేదా?"

"చూడొచ్చండి."

పెద్ద ప్లాస్టిక్ క్యాన్ ఇచ్చాను. మూత్రం పాడవకుండా అందులో అడుగున కొంచెం యాసిడ్ పోసి ఉంటుంది. నేరుగా అందులో పోయొద్దని, మగ్గులో పట్టి పోయాలని, క్యాన్ చల్లగా ఉంచాలని, ఫ్రిజ్‌లో పెడితే ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పాలని, ఎవరూ మూత తీయకూడదని ఒకటికి రెండుసార్లు చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అన్నారు. మోటారు సామాన్ల కోసం రాజమండ్రి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి వచ్చిన సంగతి నాకు చెప్పలేదు. తన మాట ఎవరూ నమ్మని ఇంట్లో, చేతిలో రుజువు పడేదాకా నోరెత్తకూడదని ఆయన నిర్ణయించుకున్నారు.

నాలుగైదు రోజుల తరవాత, మధ్యాహ్నం మందులు ఎక్కిస్తుండగా వార్డులో ఫోన్ మోగింది.

"సిస్టర్ గారూ, సూర్యారావునండి. అరటిపండు తినొద్దన్నారు కదండి, ఆ సూర్యారావుని."

"చెప్పండి బాబాయ్ గారూ."

"ఫోన్ స్పీకర్లో పెట్టేనండి. ఇక్కడ మా ఆవిడుంది, మా బావమరిది ఉన్నాడు. మా ఫ్రిజ్‌లో పెట్టిన క్యాన్‌లో ఏముందో మీ నోటితో చెప్పండమ్మా. నేను చెబుదామంటే చెప్పనివ్వట్లేదు."

వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ఆవిడెవరో నాకేం తెలుసు. మీరు ఎవరిచేత ఏమైనా చెప్పించగలరు."

"ఏమైందండి?" అన్నాను.

ఆవిడే చెప్పారు. పాల ప్యాకెట్ల వెనకాల పేపరు చుట్టి దాచిన క్యాన్ కనిపించిందట. మేము అంటించిన లేబుల్ లేదు. అలాంటి వస్తువు మీద తన పేరు ఉండడం నామోషీ అనిపించి సూర్యారావు గారే పీకేశారని తరవాత తెలిసింది. "మూత తీసి చూసేనమ్మా. పచ్చగా ఉంది. ఘాటుగా కొడుతోంది. నాకు ఇలాంటివి తెలీవు కదా, అందుకని మా తమ్ముణ్ణి పిలిపించేను. వాడికి తెలుసు."

"తమ్ముడు గారు ఏమన్నారండి?"

అనుభవజ్ఞుడి తూకంతో ఒక మగగొంతు పలికింది. "ఇది మన వైపు సరుకు కాదండి. వాసన చూసేను. కొంచెం పులుపు తగులుతోంది. బయట్నుంచి తెప్పించినట్టున్నారు."

"రుచి చూడలేదు కదండి?"

"చూద్దామనే అనుకున్నానండి. ఈలోగా అక్క పట్టుకెళ్ళి తూములో పారబోసేసింది."

"మంచిపని చేశారండి. అందులో యాసిడ్ ఉంది. మిగతాది సూర్యారావు గారి మూత్రం. పరీక్ష కోసం మేమే పట్టమన్నాం."

అవతల ఏదో స్టీలు గిన్నె కింద పడింది. ఎవరో పరిగెత్తారు. కుళాయి నీళ్ళు ధారగా పడుతున్న శబ్దం వినిపించింది.

"చిట్టిబాబు ముక్కు కడుక్కుంటన్నాడండి" అన్నారు సూర్యారావు గారు. ఆ గొంతులో ఎంత తృప్తి ఉందో చెప్పలేను.

వార్డులో సెలైన్ కింద పడుకున్నవాళ్ళందరూ నా వైపు మాటలు విన్నారు. వారం రోజులుగా వచ్చిపోతున్నా పెదవి విప్పని ఒక పెద్దావిడ దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వుతోంది. కానీ ఫోన్లో మంగతాయారు గారి గొంతు మారిపోయింది.

"అంత పెద్ద పరీక్ష దేనికమ్మా?"

"రేపు ఇద్దరూ కలిసి రండి పిన్నిగారూ. ఇంకో క్యాన్ ఇస్తాను" అన్నాను.

రెండో క్యాన్ దగ్గర ఆవిడే కాపలా కాశారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కారులో తీసుకొచ్చి నా చేతికిచ్చారు. పరీక్షలో ఆ రసాయనం ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉంది. తరవాత బయాప్సీ చేశారు. కాలేయంలోని మచ్చ నుంచి సూదితో చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడడం అది. ఫలితం వచ్చిన రోజు దంపతులిద్దరినీ డాక్టరు గారు కూర్చోబెట్టి చెప్పారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"ఇది ఒక రకం క్యాన్సరండి. చాలా అరుదుగా వస్తుంది. న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్ అంటారు. పేగులో మొదలై కాలేయానికి కూడా చేరింది. పూర్తిగా తీసెయ్యగలమని నేను చెప్పలేను. కానీ ఇది నెమ్మదిగా నడిచే రకం. నెలకోసారి ఇంజెక్షనూ, పేగులో గడ్డకి ఆపరేషనూ చేసుకుంటే చాలా ఏళ్ళు అదుపులో ఉండే అవకాశం ఉంది."

సూర్యారావు గారు ముందుకి వంగారు. "ముఖం ఎర్రబడ్డం దీనివల్లేనాండి?"

"దీనివల్లేనండి. ఈ గడ్డలు కొన్ని రసాయనాలు రక్తంలోకి వదులుతాయి. అవి రక్తనాళాల్ని సాగదీస్తాయి. దాన్ని ఫ్లషింగ్ అంటాం."

"తాగకపోయినా వస్తుందాండి?"

"తాగకపోయినా వస్తుందండి."

అప్పుడే ఆయన లేచి నిలబడి డాక్టరు గారి చెయ్యి ఊపింది. "చాలా సంతోషమండి. మంగా, విన్నావా?" మంగతాయారు గారు విన్నారు. చీర కొంగు రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుని నేల వైపు చూస్తున్నారు. ఈయన అది గమనించలేదు. జేబులోంచి ఫోన్ తీసి, "మీరు చెప్పిందంతా మొదట్నుంచీ ఇంకోసారి చెబుతారాండి? రికార్డు చేసుకుంటాను" అన్నారు. డాక్టరు గారు నా వైపు చూశారు. పాపం, ఆయన గొంతు సవరించుకుని అంతా మళ్ళీ చెప్పారు. చివర్లో సూర్యారావు గారే ఫోన్ దగ్గర నోరు పెట్టి, "చెప్పినవారు పెద్ద డాక్టరు గారు" అని చేర్చారు.

మొదటి ఇంజెక్షన్ ఆ వారమే వేశాం. ఆయన హుషారు చూసి, ఈయన తట్టుకున్నారు, పరవాలేదనుకున్నాం. అరుదైన జబ్బని చెప్పగానే చాలామంది, నాకే ఎందుకొచ్చిందని కుంగిపోతారు. ఈయన మాత్రం ఆ జబ్బు పేరుని తప్పు పోకుండా అప్పజెప్పడం నేర్చుకుని, వార్డు బయట కూర్చున్న మిగతా రోగులకి కూడా నేర్పించి వెళ్ళారు.

నెల తరవాత రెండో ఇంజెక్షన్‌కి వచ్చిన మనిషి వేరు. చొక్కా నలిగి ఉంది. గడ్డం గీసుకోలేదు. మంగతాయారు గారు కిందకి, మందుల షాపుకి వెళ్ళారు. ఈయన మంచం అంచున కూర్చుని నేల చూస్తున్నారు.

"ఎలా ఉన్నారు బాబాయ్ గారూ? ఎరుపు తగ్గిందా?"

"తగ్గిందమ్మా. విరేచనాలూ తగ్గేయి. అవి కాదు. నాతో ఎవరూ బేరం ఆడట్లేదమ్మా."

నాకు అర్థం కాలేదు. నెమ్మదిగా చెప్పుకొచ్చారు. ఆ రికార్డింగు పట్టుకుని ఊరంతా తిరిగారట. టీ కొట్టు దగ్గర బల్ల మీద ఫోన్ పెట్టి, సౌండు పెంచి వినిపించారు. అరటి మార్కెట్లో వినిపించారు. మూతపడ్డ బెల్టు షాపు ఆసామి ఇంటికి ప్రత్యేకంగా వెళ్ళి వినిపించారు. వినిపించిన ప్రతిచోటా, ఇప్పుడు క్షమించమని అడుగుతారని అందరి ముఖాల వంకా చూసేవారు. వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ కనిపించేవారు. ఎందుకో ఆయనకి అర్థమయ్యేది కాదు. ఆ మర్నాటినుంచీ ఆయన చెప్పిన రేటుకే గెలలు ఇచ్చేస్తున్నారు. ఆయన మాట్లాడుతుంటే ఎవరూ అడ్డు రారు. బెల్టు షాపు ఆసామి రోజూ కొబ్బరిబొండాలు పంపిస్తున్నాడు. చిట్టిబాబు వచ్చి, చేతులు కట్టుకుని, మాటా పలుకూ లేకుండా గంటసేపు కూర్చుని వెళ్తున్నాడు.

"వాడు నన్ను 'అయ్యా' అంటన్నాడమ్మా. ముప్ఫై ఏళ్ళుగా నన్ను ఆడిపోసుకున్నవాడు. తాగుబోతన్నప్పుడే బాగుండేదండి. వెనకాల నవ్వుకున్నా ఎదర్న మనిషిలా చూసేవారు." గొంతు తగ్గించారు. "ఒక పని చేద్దామమ్మా. రిపోర్టు తారుమారైపోయింది, ఈయనకి ఏ జబ్బూ లేదని మీరు మా చిట్టిబాబుకి ఫోన్ చేసి చెప్పండి. మీ మాటంటే వాడికి గురి."

"మరి ముఖం ఎర్రబడ్డం సంగతి ఏం చెబుతారండి?"

"తాగుతానని ఒప్పేసుకుంటాను."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వడం లేదని చూసి ఆగిపోయాను. "నిన్న తోటలో కూర్చుని ఆ రికార్డు నేనూ విన్నానమ్మా, ఒక్కణ్ణీ. ఇన్నాళ్ళూ వినిపించడమే గానీ వినలేదు. అందులో కాలేయానికి చేరిందని ఉంది. తియ్యలేమని ఉంది. ఆ మాటలు ఆ రోజు అక్కడ అన్నట్టే నాకు గుర్తులేదు. పోయేవాడికి ఈ ఇంజెక్షన్లూ ఆపరేషన్లూ ఎందుకమ్మా? ఇంటికి వెళ్ళిపోతాను."

సెలైన్ స్టాండు పక్కకి నెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఫోన్ తీయమన్నాను. రికార్డింగు మొదటినుంచీ పెట్టి, ఒక్కో వాక్యం దగ్గర ఆపుతూ, దాని అర్థం చెబుతూ వచ్చాను. కాలేయం గురించిన వాక్యం దగ్గర ఆయన కళ్ళు మూసుకున్నారు. తీసెయ్యడం గురించిన వాక్యం దాటి, ఆ తరవాతి దాని దగ్గర ఆపాను. "కానీ ఇది నెమ్మదిగా నడిచే రకం" అంటోంది ఫోను.

"ఈ ముక్క అందులో ఉందా?"

"మొదటినుంచీ ఉందండి."

"నిన్న లేదే" అన్నారు ఆయన.

మొదటిసారి ముఖం సంగతి ఒక్కటే విన్నారు. రెండోసారి కాలేయం సంగతి ఒక్కటే విన్నారు. మిగతాది మూడోసారికి గానీ చెవికెక్కలేదు. చాలా ఏళ్ళు అంటే ఎన్నేళ్ళని అడిగారు. ఎవరం చెప్పలేమన్నాను. ఆపరేషన్లో ప్రమాదం ఉందా అని అడిగారు. ఉందని, అదేమిటో, దానికి ఏం జాగ్రత్త పడతారో చెప్పాను. భయంగా ఉందమ్మా అన్నారు. ఉంటుందండి అన్నాను. అంతవరకూ ఆయన ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మేము మాట్లాడుతుండగానే మంగతాయారు గారు ఐస్ ప్యాక్‌లో పెట్టిన ఇంజెక్షన్ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎంతసేపు విన్నారో తెలియదు. లోపలికి వచ్చి, "నాకు మొదటిరోజే అన్నీ వినపడ్డాయి. మీరు పండక్కి పప్పుబెల్లాలు పంచినట్టు ఊరంతా పంచుతుంటే, ఈ మనిషికి ఇప్పుడు ఎలా చెప్పాలో తెలీక నెల్రోజులు నాలో నేనే చచ్చేను" అన్నారు. ఆయన తలెత్తి చూశారు. ఆవిడ ఇంజెక్షన్ నా చేతిలో పెట్టి, "బోర్లా పడుకోండి" అన్నారు.

ఆ ఇంజెక్షన్ పిరుదు కండలోకి లోతుగా వెయ్యాలి. సూర్యారావు గారు ఇంకో మాట లేకుండా బోర్లా పడుకున్నారు.

తరవాత ఆవిడ వరండాలోకి వచ్చి నన్ను అడిగారు. "ఇంట్లో ఆయనతో నేను ఎలా ఉండాలమ్మా?"

"ఇదివరకు ఎలా ఉండేవారు పిన్నిగారూ?"

"ఇదివరకంటే, రోజూ దెబ్బలాడేదాన్ని."

"అలాగే ఉండండి."

"జబ్బు మనిషితోనా? దేని గురించి దెబ్బలాడనమ్మా? తాగుడు సంగతి కూడా తేలిపోయింది కదా." ఆవిడ నిజంగానే ఆలోచనలో పడ్డారు.

ఆవిడకి కారణాలు దొరికాయి. మూడో ఇంజెక్షన్‌కి వచ్చినప్పుడు సూర్యారావు గారు చొక్కా ఇస్త్రీ చేసుకుని, గడ్డం గీసుకుని, మండిపడుతూ వచ్చారు. మంగతాయారు గారు రెండు రోజుల ముందు పొద్దున్నే అరటి మార్కెట్‌కి వెళ్ళారట. ఆడవాళ్ళు అంతగా వెళ్ళే చోటు కాదది. వ్యాపారులందరినీ నిలబెట్టి, "మా ఆయన బతికే ఉన్నాడు. సరుకు అమ్మేవాళ్ళు అమ్మండి, దానం చేసేవాళ్ళు గుడికెళ్ళి చేసుకోండి" అని చెప్పి వచ్చారు. మర్నాడు ఒకడు గెలకి రేటు పెంచి అడిగితే సూర్యారావు గారు అరగంట గొడవపడ్డారు. "నన్ను అడక్కుండా మార్కెట్‌కి ఎలా వెళ్తుందమ్మా? ఇంట్లో నా మాటకి విలువే లేకుండా పోయింది" అని నాతో మొరపెట్టుకున్నారు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆపరేషన్‌కి ఆయన సంతకం పెట్టింది ఆ రోజే.

ఆపరేషన్‌కి ముందువారం వాళ్ళింట్లో మళ్ళీ వ్రతం పెట్టుకున్నారు. ఆవిడ ఆయన కంటే ముందే వచ్చి పీట మీద కూర్చుని, ఆలస్యమైందని ఆయన్నే కోప్పడ్డారని విన్నాను.

ఈ రకం గడ్డతో ఆపరేషన్ అంటే మత్తు డాక్టరు గారికి పరీక్ష. కత్తి తగలగానే గడ్డ తన రసాయనాలన్నీ ఒక్కసారి రక్తంలోకి వదిలితే బీపీ దారుణంగా పడిపోవచ్చు. అందుకని ముందునుంచే ఒక మందు ఎక్కిస్తూ చేస్తారు. మధ్యలో ఒకసారి బీపీ జారింది, మళ్ళీ నిలబడింది. బయట బెంచీ మీద మంగతాయారు గారు, ఆవిడ పక్కన చిట్టిబాబు. అతన్ని అదే మొదటిసారి చూడడం. నన్ను చూడగానే గొంతు పోల్చుకుని తల దించేసుకున్నాడు. మర్నాడు నేను చూడడానికి వెళ్ళినప్పుడే లోపలికి పంపితే మంచం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సూర్యారావు గారు కళ్ళు తెరిచి చూశారు.

"చేతులు దించరా. నేను దేవుణ్ణీ కాదు, శవాన్నీ కాదు."

చిట్టిబాబు దించాడు. కొంచెంసేపు తటపటాయించి, "బావగారూ, పడుకున్నా నోరు ఊరుకోదు కదా మీకు" అన్నాడు. సూర్యారావు గారి ముఖంలో వచ్చిన వెలుగు చూసి నేను డ్రిప్ సరిచేస్తున్నట్టు అటు తిరిగాను.

ఇప్పటికీ ఆయన నెలనెలా ఇంజెక్షన్‌కి వస్తున్నారు. కాలేయంలో మచ్చలు పోలేదు, పెరగనూ లేదు. మధ్యలో ఒక ఏడాది బాగా నీరసపడ్డారు, మందు మోతాదు మార్చాక తేరుకున్నారు. స్కాన్ ఉన్న నెలలో మాత్రం మాట తగ్గిపోతుంది. అప్పుడు మంగతాయారు గారే ఏదో ఒకటి తెచ్చి గొడవ పెట్టుకుంటారు. చిట్టిబాబు తాగుడు మానలేదు. కాకపోతే ఎవరింట్లోనైనా ఫ్రిజ్ తెరిస్తే, ఏది ఎవరిదో అడిగి మరీ ముట్టుకుంటాడని చెప్పారు.

ఈ కేసు తరవాత నా పనిలో ఒక అలవాటు మారింది. ఇదివరకు డాక్టరు గారు చెప్పడం పూర్తవగానే, "అర్థమైందాండి?" అని అడిగేదాన్ని. అందరూ అయిందనే అనేవారు. ఇప్పుడు అలా అడగను. జబ్బు పేరు చెప్పే రోజుకి మనిషి ఖాళీగా రాడు. ఇంట్లో ఒక మాట పడి వస్తాడు, మనసులో ఒక ప్రశ్న మోసుకుని వస్తాడు. దానికి జవాబు దొరికినంతవరకే వింటాడు. మిగతాది గదిలోనే ఉండిపోతుంది. అందుకని వాళ్ళని పక్కకి తీసుకెళ్ళి, "డాక్టరు గారు చెప్పినదాంట్లో మీకేం వినపడిందో చెప్పండి" అంటాను.

ఈమధ్య ఒకావిడకి ఎడమ భుజంలో అరుదైన కండరాల క్యాన్సర్ బయటపడింది. జంగారెడ్డిగూడెంలో టైలరింగ్ చేసుకునే మనిషి. డాక్టరు గారు చాలాసేపు చెప్పారు. ఏం వినపడిందని అడిగితే ఆవిడ, "కుడిచేతికి ఏమీ కాదన్నారండి" అంది.

"అవునండి, అన్నారు" అని చెప్పి, స్టూలు దగ్గరికి లాక్కుని, అక్కణ్ణించి మొదలుపెట్టాను.